మోకాళ్ళు వంచి నిలబడిన ఉగాది

మా చిన్నప్పుడు... ఉగాది దగ్గర పడుతోందంటే నాకు భయం. పిల్లలంతా కొత్త బట్టలని ఎగురుతుంటే నేను మాత్రం మా అవ్వ కంట పడకుండా గోడవారన నడిచేదాన్ని.

మాది మడకశిర పక్కన చిన్న పల్లె. వాన పడితే శెనక్కాయ పంట, పడకపోతే గొర్రెలు. ఏటేటా కొత్త పావడంటే మాటలా? అందుకే అమ్మ నా బడి పావడను బాగా పొడుగ్గా కుట్టించి, అడుగున లోపలికి మూడు మడతలు వేయించేది. నేను ఎదిగేకొద్దీ ఏడాదికో మడత విప్పేవాళ్ళు. కొత్తగా విప్పిన చోట నీలం రంగు నిగనిగలాడేది... పైనంతా వెలిసిపోయి ఉండేది.

ఎప్పుడు విప్పాలో చెప్పేది మా అవ్వ... నాయన వాళ్ళమ్మ. ఉగాది పొద్దున నన్ను నట్టింట్లో నిలబెట్టి, పావడ అంచుకూ చీలమండకూ మధ్య వేళ్ళు పెట్టి చూసేది. రెండు వేళ్ళు పట్టాయా, ఒక మడత విప్పాలి. విప్పడానికి మడతే లేకపోతే... ఇక ఓణీ.

ఓణీ వేశారంటే మా ఊళ్ళో బడి మానేసినట్టే. ఎవరూ ఎందుకని అడిగేవాళ్ళు కాదు.

పక్కింటి సరోజకు నా వంతు రావడానికి ముందు ఏడాదే వేశారు. నాకంటే నాలుగు నెలలు పెద్దది, అంతే! నా పక్కన కూర్చుని ఎక్కాలు చెప్పిన పిల్ల, మర్నాటి నుంచి వాళ్ళ బావి కింద చేలో శెనక్కాయలు పీకుతూ కనిపించింది. "మే, ఈ పొద్దు అయ్యవారు ఏం చెప్పినాడు?" అని దినమూ అడిగేది. చెప్పాలంటే నాకు భయమేసేది... వచ్చే ఏడు నేనూ ఇలాగే ఎవరినో అడుక్కోవాలేమోనని.

నా పావడ ఆఖరి మడత కూడా ఆ ఏడే విప్పేశారు.

ఇక అప్పట్నుంచి ఎదగకుండా ఉండటానికి నేను పడని పాట్లు లేవు. రాగి ముద్ద తింటే ఎత్తు పెరుగుతారని అవ్వ అంటుందని, సగం ముద్ద కుక్కకు వేసేదాన్ని. పావడ బొందు నడుము కిందికి లాగి కట్టేదాన్ని. అవ్వ ఎదురుపడితే మోకాళ్ళు కాస్త వంచి నిలబడేదాన్ని. అయినా పాడు కాళ్ళు... కంది కట్టెల్లాగా పెరుగుతూనే ఉన్నాయి.

ఉగాదికి రెండు రోజుల ముందు నేను చేసిన ఘనకార్యం వినండి. పొట్టిదైపోయిన పాత బడి పావడ ఒకటి పెట్టెలో ఉంటే, దాని నుంచి బెత్తెడు పట్టీ చించాను. గొర్రెల దొడ్డి వెనక కూర్చుని, వేళ్ళు పొడుచుకుంటూ ఈ పావడ అడుగున కుట్టేశాను. రెండూ ఒకే రంగు. ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను.

పండగ పొద్దున మా మేనమామ సంచితో దిగాడు. ఆయన బస్సు కండక్టరు. ఆడపిల్లకు ఓణీ మేనమామే తేవాలి కదా... ఆ సంచిలో ఏముందో నాకు తెలుసు.

"రా మే ఈడికి. సక్కగా నిలబడు. కుంటిదాని మాదిరి ఏందది?" అంది అవ్వ. మోకాళ్ళ మీద ఒక్కటి వేసింది. నిటారుగా నిలబడక తప్పలేదు.

అవ్వ వేళ్ళు చీలమండ దగ్గరికి వచ్చి ఆగిపోయాయి. పావడ పాదాల మీద పడుతోంది.

"పోయినేడే ఆఖరి మడత ఇప్పితిమి గదా! ఇదెట్ల పెరిగిండాది?" అంటూ అంచును వెలుతురులోకి లాగింది. "పైన రంగుండాది, అడుగున వెలిసిపోయిండాది. లోకంలో యాడన్నా ఉండాదా ఇట్ల? ఎవురు కుట్టినారు?"

అయ్యో! అడుగున ఉండేదే కొత్త రంగని నాకు తట్టనే లేదు. నా పని అయిపోయిందనుకున్నాను.

"నేనే కుట్టినా అత్తా" అంది అమ్మ.

అత్త ముందు గట్టిగా దగ్గని మనిషి మా అమ్మ! ఆమెకు ఆ పట్టీ సంగతే తెలీదు. అప్పుడే చూసింది.

"పాప ఇంకా చదువుకోవల్ల అత్తా. ఓణీ యేస్తే మాన్పిస్తారని కుట్టినా."

అమ్మను ఏమంటారోనని నాకు ఏడుపొచ్చేసింది. అప్పుడు మామ సంచి కింద పెట్టి, "ఏమత్తా, ఓణీకీ బడికీ ఏం సంబంధం?" అన్నాడు. "మా బస్సులో ఓణీలేసుకోని, పుస్తకాలు పట్టుకోని ఎంతమంది ఎక్కుతాండారో! ఓణీ యేసే పంపిద్దాం."

"ఊర్లోవాళ్ళు నోరు పారేసుకుంటే నువ్వొచ్చి మూస్తావేమప్పా?"

"మా బస్సెక్కకుండా యాడికి పోతారు? నేను చూసుకుంటాలే అత్తా."

అవ్వ గొణుక్కుంటూ లేచి పోయింది. వద్దని మాత్రం అనలేదు.

ఆ సాయంత్రం అమ్మ నా పట్టీ ఊడదీస్తూ, "ఇదేం కుట్టు మే? గాలికే ఊడేట్టుండాది" అంది. అంతే.

ఓణీ వేసుకుని బడికి పోయిన మొదటి రోజు, అరుగుల మీది వాళ్ళంతా నన్నే చూస్తున్నారని తల ఎత్తలేదు. వాళ్ళ చేను దగ్గర మాత్రం ఎత్తాను. సరోజ శెనక్కాయ కట్ట చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. నా ఓణీ చూసింది, నా పుస్తకాలు చూసింది, తన ఓణీ చూసుకుంది. ఆ రోజు నన్ను ఏమీ అడగలేదు... ఆ తరవాత కూడా ఎప్పుడూ అడగలేదు.

మొన్న అనంతపురంలో బట్టల షాపుకెళ్తే మా అమ్మాయి నాకు మోకాళ్ళ దాకా ఉండే కుర్తా ఒకటి ఎంచింది. "ఈ వయసులో నాకిదేంటే, నవ్వుతారు" అన్నాను. "వేసుకో మమ్మీ, ఎవరేమంటారు!" అని తోసింది. వేసుకుని బయటికొచ్చి అద్దం ముందు నిలబడ్డాను.

"మమ్మీ, మోకాళ్ళెందుకు వంచావ్?" అంది.

నేను చూసుకోనే లేదు... యాభై దగ్గర పడుతున్నా ఈ మోకాళ్ళకు అవ్వ వేళ్ళు ఇంకా గుర్తున్నట్టున్నాయి.

ఇప్పటి పిల్లలకు ఈ కొలతలు లేవు... లేకపోవడమే మంచిది. మీ ఇంట్లో మీ వయసును ఎవరు కొలిచేవాళ్ళు? సరోజలాంటి స్నేహితురాలు మీకూ ఉండేదా? ఉంటే ఆమె పేరు ఒక్కసారి ఇక్కడ రాయండి...