నేను పారబోసిన పెంటదిబ్బ

కువైట్‌లోని బ్నీద్ అల్ గార్‌లో ఆ ఇంట్లో నేను పనికి చేరి ఏడేళ్లు నిండాయి. నాకు ముందు పనిచేసినామె పేరుతోనే నన్నూ పిలిచేవారు. నోటికి అలవాటైపోయిందట. నేనూ పలికేదాన్ని. ఆ నెలాఖరుకు నా ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండే అనుమతి, గడువు అయిపోతుంది. మళ్లీ చేయించాలా, పనిమనుషుల ఆఫీసుకు తిప్పి పంపేయాలా అన్నది నేను మామా అని పిలిచే ఇంటి యజమానురాలు తేల్చలేదు. ఇంకొక్క తప్పు జరిగితే ఖలాస్ అని మాత్రం చెప్పింది. అందుకని ఎక్కడా నలుసు లేకుండా ఊడ్చేదాన్ని. కొంప ముంచింది ఆ ఊడ్పే.

మామా కూతురికి పదేళ్లు. బడిలో చూపించడానికి అట్ట మీద హోహోకమ్ ఊరు కడుతోంది. వెయ్యేళ్ల కిందట అరిజోనా ఎడారిలో ఉన్న ఊళ్లట. నేలను కాస్త తవ్వి, గుంజలు పాతి, పైన మట్టి మెత్తిన ఇళ్లు. నది నుంచి చేత్తో తవ్వుకున్న కాలవలు. నేను గోదావరి కాలవగట్టున పెరిగినదాన్ని. అట్ట మీద కాలవకు వాలు లేదని చెప్పి, దగ్గరుండి సరిచేయించాను.

ఊరి పక్కన పెట్టాల్సిన పెంటదిబ్బను మాత్రం విడిగా ఒక పళ్లెంలో చేసి వంటింట్లో ఆరబెట్టింది. బూడిద, ఎముకలు, పెంకులు. నేను పొద్దున్నే చూసి చెత్త సంచిలోకి వంచేశాను. పనిమనిషి చెయ్యి అలాగే వెళ్తుంది.

పిల్ల బడి నుంచి వచ్చి ఏడుపు లంకించుకుంది. రేపే చూపించాలట. పాత ఊళ్లు తవ్వి చూసేవాళ్లకు ఆ పెంటదిబ్బే ముఖ్యమట. ఆ జనం ఏదీ రాసిపెట్టుకోలేదు. ఏం తిన్నారో, ఏ కుండలో వండారో, సముద్రపు గవ్వలు ఎంత దూరం నుంచి వచ్చాయో అదే చెబుతుందట. మామా ఆరింటికి వస్తుంది.

కిందికి పరిగెత్తాను. గేటు దగ్గర కారు కడుగుతున్న రాయచోటి డ్రైవరు సంగతి విని తల అడ్డంగా ఊపాడు.

"చెత్త బండి పొద్దన్నే పాయె గదక్కా! యాడ ఎతుకుతావ్? యల్లా, మామా వచ్చేలోగా ఇంగోటి చేయండి."

బూడిద ధూపం గిన్నెలో దొరికింది. ఎముకలు మధ్యాహ్నం కోడివి. పెంకులే లేవు. ఇంట్లో ఉన్నదంతా మామా పింగాణీ. నాదంటూ నా మంచం కింద ఒక మట్టి దాక ఉంది. మా అమ్మ చేపల పులుసు పెట్టిన దాక. చీరల్లో చుట్టి, విమానంలో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాను. దాన్ని బాల్కనీలోకి తీసుకెళ్లి అప్పడాల కర్రతో కొట్టాను. మసిపట్టిన పెంకులు చూసి పిల్ల చప్పట్లు కొట్టింది. నా ప్రాణం ఉసూరుమంది.

మామాకు ఏమీ తెలియలేదు. పిల్లా చెప్పలేదు. వారం తిరక్కుండా ఇఖామా మళ్లీ చేయించింది మామా.

అట్ట ఇంటికి తిరిగొచ్చాక స్టోర్‌రూములో సర్దుతున్నాను. దిబ్బ పక్కన చీటీ అంటించి ఉంది. ఏం రాశావని అడిగితే పిల్ల గర్వంగా చదివింది.

"ఈ కుండలో ఒక ఆడమనిషి వండేది. ఆమె పేరేమిటో ఎవరికీ తెలియదు."

టీచరు చాలా మెచ్చుకుందట. నాకు కోపం వచ్చింది. పిల్ల అబద్ధమేమీ రాయలేదు, అయినా వచ్చింది. పెన్ను తెమ్మన్నాను. నా అసలు పేరు చెప్పి, తప్పు పలికితే దిద్ది, ఆ చీటీ కిందే రాయించాను.