కోడికూర దాకా సాగిన దేశయాత్ర

ఎవరైనా పెద్దమనిషి తన దేశయాత్ర గురించి చెప్తానంటే మీరు మెల్లగా లేచిపోవాలని చూస్తారు. కూర్చోండి. నా యాత్రలో కాశీ లేదు, గంగ లేదు, తాజ్‌మహల్ ముందు దిగిన ఫోటో లేదు. పదిహేను రోజుల కోసం బయలుదేరి మొదటి రోజు సాయంత్రానికే ఇల్లు చేరిన యాత్ర అది. అయితే ఆ ఒక్క రోజులో, వరంగల్లులో నేను అరవై ఏళ్ళుగా కూడబెట్టుకున్న పరువు మొత్తం ఖర్చయిపోయింది.

అప్పటికి నేనింకా కుర్రవాణ్ణి. రిటైరై ఏడాదే అయింది. ప్రతి పనికీ ఒక పద్ధతి ఉండాలనేది నా సిద్ధాంతం. చిన్నప్పటి నుంచీ రోజూ డైరీ రాస్తాను. వర్షం పడితే పడిందని రాస్తాను, పడకపోతే పడలేదని రాస్తాను. ఆఫీసులో నా బల్ల మీద పెన్సిళ్ళు కూడా సీనియారిటీ ప్రకారం నిలబడేవి. ఇలాంటి మనిషికి కొడుకు పెళ్ళి అప్పజెబితే ఏమవుతుంది? కార్యక్రమ పట్టిక అచ్చు వేయించి పందిట్లో అంటించాను. అందులో అప్పగింతలకు, అంటే పిల్ల తరఫువాళ్ళు ఏడవడానికి, పది నిమిషాలు కేటాయించాను.

మా వియ్యంకుడు ఐలయ్య నర్సంపేట దగ్గర పత్తీ మిర్చీ పండించే రైతు. మనిషికి ముందు మీసం వస్తుంది, తర్వాత ఆయన వస్తాడు. పట్టిక చదివించుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ఏం బావా, మా ఆడోళ్ళు ఏడ్వాల్నంటె గూడ నీ పర్మిషన్ కావాల్నా?"

నేను ఎంతో ఉదారంగా, "అవసరమైతే ఇంకో అయిదు నిమిషాలు పొడిగిద్దాం బావా" అన్నాను.

ఆ రోజు నుంచి ఆయన మా గడప తొక్కలేదు. నేను ఫోను చేస్తే ఎత్తి, నిప్పుకణిక పట్టుకున్నట్టు వెంటనే భార్య చేతిలో పెట్టేవాడు. దసరాకు అల్లుణ్ణి పిలవలేదు. మధ్యలో నలిగిపోయింది మా కోడలు శ్రావణి. పుట్టింట్లో మా మాట ఎత్తకూడదు, మా ఇంట్లో వాళ్ళ మాట వస్తే కళ్ళలో నీళ్ళు.

మా ఆవిడ సుగుణ ఒకరోజు తీర్పు చెప్పేసింది. "చెడగొట్టింది మీరు, మీరే బాగు చెయ్యుండ్రి. ఐలయ్యన్న నోట్లకెళ్ళి మన గురించి ఒక్క మంచి మాట రావాలె. ఆ పిల్ల మొఖం నేను సూడలేకపోతాన్న."

రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవ లేనట్టే, రిటైరైనవాడు తలచుకుంటే ప్లానులకు కొదవ లేదు. హైదరాబాదులో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో నాకొక ఇంగ్లీషు గైడు దొరికింది. నిజాం కాలంలో, రైళ్ళలో దేశం తిరిగే దొరల కోసం అచ్చు వేసింది. ఏ స్టేషన్‌లో దిగాలి, ఏం చూడాలి, ఏం తినాలి, నౌకర్లను ఏ గొంతుతో కసురుకోవాలి, అన్నీ అందులో ఉన్నాయి. చెదలు తినగా మిగిలిన ప్రతి మాటా నాకు వేదవాక్కే. ఆ గైడు ప్రకారం మా రెండు జంటలూ కాజీపేటలో ఎక్కి, ఒక్కొక్క స్టేషనే దిగి చూసుకుంటూ ఢిల్లీ దాకా పోవాలి. పదిహేను రోజులు పక్కపక్కన కూర్చుంటే వియ్యంకుడు మాట్లాడక ఏం చేస్తాడు?

సుగుణ పుస్తకాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చూసింది. "గిది రాసినోళ్ళు బతికున్నరా?"

"మనుషులు పోతారు సుగుణా. రైలు పట్టాలు పోతాయా? గుట్టలు పోతాయా? కోటలు లేచి నడుస్తాయా?"

నా తర్కం చూశారా? కోట నడవదు సరే, వంటమనిషి నడవడా అని మాత్రం నన్ను నేను అడగలేదు.

శ్రావణి బతిమాలితే బిడ్డ ముఖం చూసి ఐలయ్య ఒప్పుకున్నాడు. శివరాత్రి పోయి ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఒక పొద్దున కాజీపేట స్టేషన్ బయట ఆటో దిగారు ఆయనా, ఆయన భార్య కనకమ్మా. కనకమ్మ చేతిలో పెద్ద సద్దిమూట. సర్వపిండి, పులిహోర, కోడివేపుడు. వాసనలే నాకు వివరాలన్నీ చెప్పాయి. సుగుణ చేతిలోనూ ఒక మూట ఉంది.

నేను గైడు తెరిచాను. "ఈ ఉష్ణదేశంలో వండిన ఆహారం మోసుకెళ్ళడం మంచిది కాదని రాశాడు బావా. మనం దిగే మొదటి స్టేషన్‌లో భోజనశాల ఉంది. పక్కనే బంగళా ఉంది. అక్కడి వంటమనిషి కోడికూర అద్భుతంగా చేస్తాడట. అయినా మీరు మా అతిథులు. మీరు మూట మోసుకొస్తే నాకు తలవంపులు కదా?"

"అన్నా, రైలు పయనం గదా, జర ఉండనీ" అంది కనకమ్మ.

ఇక్కడ మా వైపు వియ్యాల మర్యాద గురించి ఒక మాట చెప్పాలి. పిలిచినవాడు అన్నం నేను పెడతానన్నాక, వచ్చినవాడు మూట వదలకపోతే "నువ్వు పెడతావన్న నమ్మకం నాకు లేదు" అని ముఖాన అన్నట్టే. అంత మాట ఐలయ్య అనడు. పళ్ళు బిగించి, "పంపియ్యి కనకా. బావ పెడుతడట గద" అన్నాడు. రెండు మూటలూ వచ్చిన ఆటోలోనే వెనక్కి వెళ్ళిపోయాయి. ఆ ఆటోవాడి ముఖంలో వెలిగిన వెలుగు నేను ఏ దేవుడి పటంలోనూ చూడలేదు.

పుష్‌పుల్ బండి కదిలింది. కొంతసేపటికి సమోసాలవాడు వచ్చాడు.

"బావా, నీకేమన్న కావాల్నా?" అన్నాడు ఐలయ్య. అంటే ఆయనకు కావాలి.

"అబ్బే, నాకెందుకు? మీకేమైనా?" అన్నాను. అంటే నాకూ కావాలి.

"నాకేం ఆకలి? పొద్దుగాల గట్టిగ తిన్న." అబద్ధం.

"నేనూ అంతే." అంతకంటే పెద్ద అబద్ధం.

ఆయన కొంటే నన్ను అవమానించినట్టు. నేను కొంటే రాబోయే విందును అవమానించినట్టు. సమోసాలవాడు మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, "మీరు మీరు తేల్చుకోండ్రి సార్, నేను అటు పోయొస్త" అని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. ఆకలి రుచెరుగదంటారు. వియ్యంకులు అసలు ఆకలే ఎరుగరు.

గైడు చెప్పిన స్టేషన్ వచ్చేసరికి ఎండ నడినెత్తికి ఎక్కింది. ఊరి పేరు చెప్పను, కారణం మీకే తెలుస్తుంది. దిగింది మేం నలుగురమే. గైడు సలహా మీద కొన్న దొరటోపీ సర్దుకుని, అక్కడున్న రైల్వే ఉద్యోగి గదిలోకి వెళ్ళాను.

"ఇక్కడ భోజనశాల ఎక్కడండీ?"

ఆయన తింటున్న టిఫిన్ డబ్బాను చూపించాడు. "గిదే సార్."

"ఊళ్ళో హోటల్?"

"పొద్దుటి టిఫిన్లు ఒడిసినయ్. ఇగ సాయంత్రం మిర్చీలు ఏస్తరు."

"వెనక్కి బండి?"

"అది గూడ సాయంత్రమే. మిర్చీలు తిని ఎక్కుండ్రి."

బయటికి వచ్చాను. ఐలయ్య మీసం మీద చెమట బొట్లు. "బావా, నీ పుస్తకం ఏమంటాంది?" అన్నాడు చాలా నెమ్మదిగా. పిడుగుకు ముందు గాలి ఆగినట్టు ఉందా గొంతు. సుగుణ నా వైపు చూడటం మానేసింది. శ్రావణి ముఖం నా కళ్ళముందు తిరిగింది.

"ఇంకో పేజీ ఉంది బావా. బంగళా."

ఆ ఎండలో నడిచాం. నమ్ముతారో లేదో, బంగళా ఉంది! పైకప్పు సగమే ఉంది కానీ, ఆవరణలో పందిరి, పందిట్లో బల్లలు, జనం, గాలి నిండా కోడికూర వాసన. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "చూశారా? ఇంత రద్దీ ఉందంటే వంటమనిషికి ఎంత పేరో!" గుండు చేయించుకున్న ఒకాయన ఎదురొచ్చాడు. వంటలో వెంట్రుకలు పడకుండా ఎంత శ్రద్ధ అని మనసులోనే మెచ్చుకున్నాను.

"ఏమయ్యా, నాలుగు కోడికూర భోజనాలు. ఎంతసేపవుతుంది? ఈలోపు కాళ్ళు కడుక్కోవడానికి ఒక గది చూపించు."

ఆయన నోరు తెరిచి నా టోపీ వైపు చూస్తూ నిలబడ్డాడు. సుగుణ నా చేతిని గిచ్చిన గిచ్చుడుకు పడ్డ మచ్చ ఇప్పటికీ ఉంది. "అటు సూడుండ్రి! దినాలు!"

ఆయన వెనక బల్ల మీద ఒక ముసలాయన ఫోటో. ఫోటోకు బంతిపూల దండ. ముందు దీపం.

"మీరు నాయిన దోస్తులా?" అన్నాడు గుండాయన. పేరు రాజయ్య, పోయినాయన కొడుకు. బంగళా ఖాళీగానే ఉంది కాబట్టి దినాల భోజనాలు అక్కడ పెట్టుకున్నారు.

కాదు అని చెప్పడానికే నేను నోరు తెరిచాను. కానీ కోడికూర వాసన ఐలయ్యను అప్పటికే ఆవహించింది. నన్ను పక్కకు నెట్టి, "అయ్యో, ఎంత పనాయె బిడ్డా! బంగారమసొంటి మనిషి పాయె!" అని రాజయ్యను వాటేసుకున్నాడు. మా వైపు దినాలకు ఆడవాళ్ళు వస్తే ఇంటి ఆడవాళ్ళు మెడలు పట్టుకుని ఏడుస్తారు, వచ్చినవాళ్ళూ ఏడవాలి. సుగుణా కనకమ్మా ఏడ్చారు. అందులో నటన లేదు, ఆటోలో వెళ్ళిపోయిన సర్వపిండి గుర్తొచ్చి ఉంటుంది. నేను అలవాటు కొద్దీ గడియారం చూసుకున్నాను. ఐలయ్య రాజయ్య భుజం మీది నుంచే పళ్ళు కొరికాడు. "ఈడ గూడ టైం పెడ్తవా బావా?"

మమ్మల్ని కూర్చోబెట్టి వడ్డించారు. రెండు ముద్దలు లోపలికి పోయాయో లేదో, కర్ర పోటేసుకుంటూ ఒక ముసలమ్మ వచ్చింది. పోయినాయన అక్క.

"ఏ ఊరు బిడ్డా మీది? మా తమ్ముడు మీకెట్ల ఎరుక?"

ఐలయ్య నోటి నిండా అన్నం. "మా బావ చెప్తడు" అన్నట్టు నా వైపు వేలు చూపించాడు. ఇలాంటప్పుడు మాత్రం నేను పెద్దవాణ్ణి.

ఆకలి విషయంలో తప్ప నాకు అబద్ధం రాదు. ఇది గొప్పతనం కాదు, అభ్యాసం లేకపోవడం. గైడు తీసి బల్ల మీద పెట్టాను. "మీ తమ్ముడు మాకు తెలియదమ్మా. ఈ పాత పుస్తకంలో ఈ బంగళా వంటమనిషి కోడికూర బాగా చేస్తాడని రాసి ఉంటే, నమ్మి వచ్చాం."

ఐలయ్య నమలడం ఆపి నా వైపు చూశాడు. పదిమందిలో దొంగగా దొరికిపోయిన ఆ చూపు ముందు పెళ్ళినాటి కోపం ఏ మూలకు? శ్రావణి పుట్టింటి తలుపు శాశ్వతంగా మూసుకున్నట్టేనని నాకు అర్థమైంది.

"బంగ్ల వంటమనిషా?" ముసలమ్మ కర్ర కింద పడేసింది. "ఓరి రాజిగా! మా నాయినరా! మీ తాత! పుస్తకంల వడ్డడటరా!"

జనమంతా మా బల్ల చుట్టూ మూగారు. డిగ్రీ చదివే రాజయ్య కూతురు పుస్తకం అందుకుని తెలుగులో చెప్పింది. "ఇక్కడి వంటమనిషి కోడికూర అద్భుతంగా చేస్తాడు." అందరి ముఖాలూ వెలిగాయి. తర్వాతి వాక్యం నాకు తెలుసు. "అంతేనమ్మా, అక్కడికి అయిపోయింది" అని పుస్తకం లాక్కోబోయాను.

"లేదు తాతా, ఇంకో లైనుంది. 'కానీ పొద్దుగూకితే ఇతడు దొరకడు. దగ్గర్లోని తాటిచెట్ల కింద వెతకాలి.'"

నేను కళ్ళు మూసుకున్నాను. మొదట వినపడింది ముసలమ్మ నవ్వు. "నిజమే! మా నాయినను మా అవ్వ గూడ గాన్నే దేవులాడేది!" ఆ వెంట పందిరంతా నవ్వింది. రాజయ్య కళ్ళు తుడుచుకుంటూ, "దొరలకు గూడ ఎరుకైందా తాత కత!" అన్నాడు. తర్వాత మా వైపు తిరిగాడు. "తినుండ్రి సార్. పెండ్లికి పిలిస్తె పోవాలె, దినాలకు తెలిస్తె పోవాలె. మీరైతె తెల్వకుండనే వచ్చిండ్రు, ఇంకా గొప్ప."

అప్పుడు నవ్వాడు ఐలయ్య. చిన్న నవ్వు కాదు, మీసం విడిపోయి, కుర్చీ ఊగి, పక్కవాడు పట్టుకోవలసిన నవ్వు. "దేశం సూపెడుతనని తోల్కచ్చి దినాలల్ల కూసోవెట్టిండు నా బావ! నా బావసొంటోడు ఈ జిల్లల లేడు!" అని పందిట్లో ప్రతివాడికీ విడివిడిగా చెప్పుకున్నాడు. ఒక ముంత కల్లు పడ్డాక మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. గైడును ఫోటో పక్కన పెట్టి కొబ్బరికాయ కొట్టారు. పూజ చేసిన పుస్తకాన్ని వెనక్కి ఎలా అడుగుతాను? గైడు అక్కడే ఉండిపోయింది కాబట్టి దేశం కూడా అక్కడితో ఆగిపోయింది. సాయంత్రం బండికి తిరిగొచ్చాం.

ఐలయ్య సరాసరి మా ఇంటికి వచ్చి, కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని కథ చెప్పాడు. శ్రావణి నవ్వలేక గోడ పట్టుకుంది. ఇప్పుడాయన రోజూ ఫోను చేస్తాడు. సుగుణ కోరిన మంచి మాట వచ్చిందా అంటే, వచ్చింది. నర్సంపేట మార్కెట్ మొత్తానికీ వచ్చింది. అక్కడ మిర్చి కొనడానికి వెళ్తే, ముఖం తెలియని వాళ్ళు కూడా, "ఏం సార్, గీడ ఎవలన్న సచ్చిండ్రా?" అని పలకరిస్తారు.

మొన్న ఐలయ్య మరీ హుషారుగా ఫోను చేశాడు. "బావా! రాజయ్య ఫోన్ చేసిండు. ముసలాయన ఏడాది మాసికమట, మనం లేంది ముద్ద ముట్టమంటాండు. ఈసారి మావోళ్ళు ఇంకో పదిమంది వస్తమంటాన్నరు. సద్ది గిట్ల ఏం వద్దని చెప్పిన!"

కాబట్టి, తూర్పు ముఖంగా నిలబడి, పూర్తి స్పృహతో ప్రమాణం చేస్తున్నాను. పాత గైడును నమ్మి తెలియని స్టేషన్‌లో దిగను. దిగినా ఖాళీ కడుపుతో దిగను. ఖాళీ కడుపుతో దిగినా, పందిట్లో ఫోటోకు దండ ఉందో లేదో చూడకుండా కోడికూర ఎంతసేపవుతుందని అడగను. ఈ ప్రమాణం ఏడాది మాసికం భోజనాలు ముగిసిన మర్నాటి నుంచి అమల్లోకి వస్తుంది.