దిష్టిచుక్కలు పడిన సంజాయిషీ

అశోక్‌నగర్ సందులో నాకొక జిరాక్స్ షాపు ఉంది. ఎనిమిదో తరగతిలో బడి నన్నూ నేను బడినీ ఒకేసారి వదిలేశాం. అయినా ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్ల ఇంగ్లీషు నోట్సు మొత్తం నా చేతుల మీదుగానే పోతుంది. వాసన నాకు, భోజనం వాళ్లకు.

షాపులో మెషీన్ ఒక్కటే. దాని డ్రమ్ము గీసుకుపోయింది కాబట్టి ఏ కాగితం తీసినా, ఏది ప్రింటు కొట్టినా ఆవాలు చల్లినట్టు సన్నటి నల్ల చుక్కలు పడతాయి. ఎవరైనా మొహం చిట్లిస్తే, "దిష్టిచుక్కలు తమ్మి, నీ అప్లికేషన్‌కు ఎవ్వరి కండ్లు తగలయి" అంటాను.

మా అమ్మాయి నారాయణగూడలో తొమ్మిదో తరగతి. మొన్న పరీక్షలో తన బల్ల కింద, బాగా కుదించి తీసిన జిరాక్స్ చీటీ దొరికింది. ఆ బల్ల మీద కూర్చునేది ఇద్దరు. జిరాక్స్ షాపు ఉన్నది ఒక్కరి తండ్రికే. తండ్రి నుంచి ఎక్స్‌ప్లనేషన్ లెటర్ తెమ్మని పంపారు. తనది కాదని తేలకపోతే ఆ పరీక్షకు సున్నా. సున్నా అయినా దిద్దుకోవచ్చు, పదో తరగతి దాటేదాకా 'చీటీల పిల్ల' అన్న పేరు మాత్రం పోదు.

"నేను పెట్టలే డాడీ. నమ్ముతున్నవా లేదా, గది చెప్పు."

"నమ్ముతున్న బిడ్డా. నాకే తెల్వకుండ నా షాపుల జిరాక్స్ తీసేంత తెలివి నీకుంటే నిన్నే కౌంటర్ల కూసోబెడుదును."

తను నవ్వలేదు. నేనే రెండు మూడుసార్లు నవ్వి ఊరుకున్నాను.

మా కంప్యూటర్లో అన్ని రకాల ఇంగ్లీషు లెటర్లూ తయారుగా ఉంటాయి. సెలవుకొకటి, బస్ పాస్‌కొకటి, పోయిన సర్టిఫికెట్‌కొకటి. పేరు మార్చి ప్రింటు కొట్టడమే పని. బడికి ఇచ్చే లెటర్ ఒకటి కనిపించింది, అందులో సారీ ఉంది. సారీ అంటే నాకు మంచినీళ్ల ప్రాయం. కరెంటు పోతే సారీ, కాగితం ఇరుక్కుంటే సారీ. పొద్దున్నే పేరు మార్చి, సంతకం పెట్టి, కవరు అంటించి తన చేతికిచ్చాను.

పది గంటలకు గాంధీనగర్ హాస్టల్‌లో ఉంటూ గ్రూప్స్ రాసే అమ్మాయి ప్రింట్ల కోసం వచ్చింది. తెరమీద లెటర్ ఇంకా అలాగే ఉంది.

"ఎవరిది అన్నా ఈ అపాలజీ?"

"అపాలజీ కాదమ్మా, ఎక్స్‌ప్లనేషన్. మా బిడ్డ స్కూల్ల అడిగిండ్రు."

"అన్నా, ఎక్స్‌ప్లనేషన్ అంటే ఏం జరిగిందో చెప్పుడు. అపాలజీ అంటే నేనే చేసిన, మాఫ్ చేయుండ్రి అనుడు. పాప ఏం చేసింది?"

"ఏం చెయ్యలే."

"మరి చేసిందని రాసిచ్చినవ్ గద."

ఇంకా ఏవో మాటల తేడాలు చెప్పబోయింది. ఎక్స్‌క్యూజ్ వేరట, రిగ్రెట్ వేరట. నేను విననే లేదు. షట్టర్ సగం లాగి, కౌంటరు ఆమెకే అప్పగించి స్కూటీ తీశాను. చిక్కడపల్లి మార్కెట్ దగ్గర కూరగాయల ఆటో అడ్డం తిరిగి ఉంది. నా హారన్ పాడైంది, నోటితోనే అరిచాను. "ఏంది అన్నా, డెలివరీ కేసా?" అన్నాడు ఆటో అతను. ఇంకో రోజైతే దానికి పది జవాబులు చెప్పేవాణ్ని. ఆ పూట స్కూటీని ఫుట్‌పాత్ ఎక్కించి పోయాను.

హెడ్ మేడమ్ ముందు కవరు చింపి ఉంది. మా అమ్మాయి పక్కనే నిలబడి గోడకున్న మ్యాపును చూస్తోంది. నన్ను చూడలేదు.

"మీరే ఒప్పుకున్నారు కదండీ," అన్నారు మేడమ్. "మా అమ్మాయి చేసిన తప్పు మన్నించండి, మళ్లీ జరగదు అని రాశారు. సంజాయిషీ అడిగితే క్షమాపణ పంపారు. ఇంక అడగడానికి ఏముంది?"

సంజాయిషీ, క్షమాపణ. తెలుగులో వినగానే అర్థమైంది, అడిగింది మొదటిది, నేను పంపింది రెండోదని. ఈ రెండింటికీ తేడా తెలియడానికి ఎనిమిదో తరగతి కూడా అక్కర్లేదు.

"అది నా కంప్యూటర్ల ఉన్న రెడీమేడ్ లెటర్ మేడమ్. నేను చదువలే. అది వాపస్ ఇస్తరా?"

"రిజిస్టర్లో ఎక్కింది. ఇవ్వడం కుదరదు."

"అయితే ఇంకొకటి రాస్త. తెలుగుల రాయొచ్చా?"

"రాయండి."

వరండాలో కిటికీ గట్టు మీద కాగితం పెట్టుకున్నాను. సంతకాలు తప్ప చేత్తో రాసి ఎన్నేళ్లయిందో. అక్షరాలు తాగినవాళ్లలా ఒరిగాయి. షాపులో మెషీన్ ఒక్కటేననీ, దానిలోంచి వచ్చే ప్రతి కాగితానికీ చుక్కలు పడతాయనీ, దొరికిన చీటీని ఒకసారి చూడమనీ రాశాను. చివర అలవాటుగా 'క్షమించగలరు' అని మొదలుపెట్టాను. ఎప్పుడొచ్చిందో, మా అమ్మాయి ఆ మాట మీద వేలు పెట్టింది.

"ఎందుకు డాడీ?"

కొట్టేశాను.

మేడమ్ చదివి, సొరుగులోంచి చీటీ తీసి నా పొద్దుటి లెటర్ పక్కన పెట్టారు. లెటర్ నిండా ఆవాలు. చీటీ కడిగిన పళ్లెంలా ఉంది. కళ్లద్దాలు తీసి చూశారు, పెట్టుకుని చూశారు. నేను ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూనే ఉన్నాను. చివరికి రెండు లెటర్లనూ, చేత్తో రాసింది పైన ఉండేలా, కలిపి పిన్ను కొట్టారు.

"ఇది మీ మెషీన్‌ది కాదు. ఆ పరీక్ష మార్కులు ఉంటాయి," అన్నారు. "క్లాసుకు వెళ్లమ్మా."

పాత లెటర్ మాత్రం ఫైల్లోనే ఉంది. ఎప్పుడైనా ఎవరైనా ఆ పిన్ను పీకుతారేమోనని ఇప్పటికీ గుబులే.

వరండాలో మా అమ్మాయి క్లాసు వైపు నడిచింది. మలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"డాడీ, నేను పది పాసయ్యేదాంక ఆ డ్రమ్ము మార్పియ్యకు."