కూలెంట్ బాటిల్‌కి చోటు

నాన్నా అన్నయ్యా మాట్లాడుకోవడం మానేశాక, వాళ్ళ మధ్య మాటలు మోసే పని అమ్మది. అమ్మ పోయాక అది నాకొచ్చింది. పదిమందిలో నోరు తెరవలేని దాన్ని, ఇంట్లో మాత్రం ఒకరి మాట ఇంకొకరికి చెబుతూనే ఉంటాను.

నాన్న గోదావరి జిల్లా నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చి, ఫర్నేసులకు చల్లటి నీళ్ళు పంపే విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. అక్కడే అన్నయ్యకి కాంట్రాక్టు పని చూపిస్తే, వాడు కొన్నాళ్ళకే మానేసి కార్ల షెడ్డులో చేరాడు. గొడవ అప్పటిది. ఈ వేసవిలో కోయంబత్తూరు దగ్గర ఒక షెడ్డు వాళ్ళు అన్నయ్యని పనికి రమ్మన్నారు. తన చేత్తో మార్చుకున్న కారులోనే వెళతానన్నాడు. వెళ్ళేలోగా ఒక్కసారి ఇద్దరూ నేరుగా మాట్లాడుకుంటే చాలని డైరీలో రాసుకున్నాను. నేను అలా రాసుకున్నవేవీ జరగలేదు.

ఆ చిన్న పాత కారులో వేరే బండి డీజిల్ ఇంజిన్ ఎక్కించాడు. అది కూర్చున్నాక కూలెంట్ బాటిల్‌కి చోటు లేకుండా పోయింది. ఇంజిన్ వేడెక్కినప్పుడు రేడియేటర్లో పొంగిన కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే రంగు నీళ్ళు, సన్న పైపు గుండా ఆ బాటిల్లోకి వస్తుంది. చల్లారాక రేడియేటరే దాన్ని వెనక్కి పీల్చుకుంటుంది. అన్నయ్య బాటిల్‌ని కనపడకుండా ముందు బంపర్ లోపల, బాగా కిందికి బిగించాడు. మద్దిలపాలెం దాకా తిప్పి తెచ్చి దువ్వాడలో మా ఇంటి ముందు ఆపాడు. మర్నాడు పొద్దున చూస్తే బాటిల్ నిండుగా ఉంది, రేడియేటర్ వెలితిగా ఉంది. వెళ్ళింది తిరిగి రాలేదు.

నాన్న వరండాలోంచే చూశారు.

"అమ్మలూ, ఆడికి చెప్పు. అంత కింద నుంచి పైకి లాగాలంటే, ఎక్కడ చిన్న సందున్నా గాలే వచ్చేస్తాది. అయినా బంపర్లో దాచడానికి అదేవన్నా దొంగసొత్తా అని అడుగు."

చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నాడు అన్నయ్య. అయినా నేను చెప్పాలి.

"కొంచెం పైన పెడితే బాగుంటాదంటన్నారు నాన్న."

"దొంగసొత్తు మాట మింగేసినావేటే?" అన్నయ్య నవ్వాడు. "ఆయనకి సెప్పు. పైన టర్బో ఉంది, ఆ వేడికి బాటిల్ అప్పడం అయిపోద్ది. ఇది ప్లాంటు కాదు, కారని కూడా సెప్పు."

"పైన వేడంట నాన్నా."

"హెడ్‌లైట్ వెనకాల చోటుంది కదా. కళ్ళు కూడా షెడ్డులోనే వదిలేసొచ్చాడా?"

చోటు నిజంగానే ఉంది. టర్బోకి అవతలి పక్కన, రేడియేటర్ మూతకి కాస్త దిగువన. కాని అక్కడ బిగించాలంటే పైనుంచి ఒకరు బాటిల్ పట్టుకోవాలి, కిందనుంచి ఇంకొకరు బోల్టు తిప్పాలి. అన్నయ్య నాకేసి చూశాడు. పొయ్యి మీద పాలున్నాయని చెప్పి లోపలికి వచ్చేశాను. పాలు లేవు. తలుపు వెనక ఒక నవల తెరిచి, చదవకుండా నిలబడ్డాను. నేను లేకపోతే మాట్లాడుకుంటారు కదా.

స్టేషన్ వైపు ఒక గూడ్సు బండి మొత్తం వెళ్ళిపోయింది. తలుపు సందులోంచి చూస్తే అన్నయ్య కారు కిందికి దూరి ఉన్నాడు. నాన్న బనీనుతోనే వచ్చి, బానెట్ కింద వంగి బాటిల్ పట్టుకున్నారు.

"ఇంకొంచెం పైకి," కింద నుంచి అన్నయ్య గొంతు.

బాటిల్ పైకి జరిగింది.

"సాలు."

అంతే. 'నాన్నా' అని లేదు, 'ఒరే' అని లేదు. స్పానర్ చప్పుడు ఆగాక నాన్న చేతులకంటిన నల్ల నుసి లుంగీకి తుడుచుకుంటూ పెరట్లోకి వెళ్ళిపోయారు. అన్నయ్య కారు కింద నుంచి వెంటనే రాలేదు.

ఆదివారం వాడు బయలుదేరే వేళకి నాన్న స్నానాల గదిలో ఉన్నారు. నీళ్ళ చప్పుడు మాత్రం లేదు. కారు కదిలిన చోట, బాటిల్ మార్చినప్పుడు ఒలికిన కూలెంట్ ఆకుపచ్చ మరక మిగిలింది. బక్కెట్టెడు నీళ్ళు పోసి చీపురుతో రుద్దాను, పోలేదు.

మధ్యాహ్నం ఫోన్ చేశాడు. "గోదావరి బ్రిడ్జి దాటినాను. టీకి ఆగి, సల్లారనిచ్చి సూసినాను. పొంగిన కూలెంట్ ఎనక్కెళ్ళిపోయింది, బాటిల్లో గీత దగ్గరే ఉందని ఆయనకి సెప్పు."

స్పీకర్ పెట్టి ఫోన్ నాన్న ముందుంచాను. నాన్న దానివైపు చూడలేదు. అటు నుంచి లారీల హారన్లు వినపడుతున్నాయి.

"వేడి మీద మూత తియ్యొద్దని చెప్పు," అన్నారు, నాతో.

అన్నయ్యకి వినపడే ఉంటుంది. అయినా నేను చెప్పేదాకా ఎదురుచూస్తున్నాడు. ఫోన్ నోటి దగ్గరికి తీసుకుని చెప్పాను.