సగటు బస్సు

యలహంకలో మా తెలుగు క్రైస్తవ సంఘం ఆరాధన జరుపుకునే హాలు ఖాళీ చేయవలసి వచ్చినప్పుడు, పెద్దలు చీట్లు వేద్దామన్నారు. చూసిపెట్టుకున్నవి రెండు హాళ్ళు. ఒకటి యలహంకలోనే, ఇంకొకటి ఊరికి ఆ చివర కుందలహళ్ళిలో. ప్రార్థన చేసి, రెండు కాగితాలు మడిచి, ఒకటి తీయడం వాళ్ళ పద్ధతి. నేను నవ్వాను. పైకి కాదు, లోలోపల, చదువుకున్నవాళ్ళు నవ్వే ఆ దరిద్రపు నవ్వు.

కంపెనీలకు ఇలాంటి నిర్ణయాలు తేల్చిపెట్టడమే నా ఉద్యోగం. ఒక పట్టిక గీస్తాం. అద్దె, పార్కింగ్, హాలు వైశాల్యం, ప్రయాణం, వీటిలో దేనికెంత ప్రాధాన్యమో అంకె వేస్తాం. ఆ అంకెలు ఎక్కణ్ణించి వచ్చాయని ఎవరూ అడగరు. అడిగితే మా వృత్తికి అదే ఆఖరి రోజు. తర్వాత ఆ అంకెల్ని కాస్త అటూ ఇటూ కదిపి చూస్తాం. ఫలితం మారకపోతే నిర్ణయం గట్టిదని చెప్పి కాఫీ తాగుతాం.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, చీట్లకు బదులు లెక్క చూపిస్తానని లాప్‌టాప్ తెరిచాను. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన మా సంఘ పెద్ద కళ్ళజోడు సవరించుకుని తొంగి చూశాడు.

"ఏమప్పా, ఇందులో దేవుడికి ఎన్ని మార్కులు ఉండాయి?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, కుందలహళ్ళి గెలిచిందని ప్రకటించాను.

వెనక వరసలోంచి ఒక నర్సు లేచింది. ఒంగోలు వైపు మనిషి, యలహంకలో ఉంటుంది. శనివారం రాత్రి డ్యూటీ దిగి, కునుకైనా తీయకుండా నేరుగా వచ్చి మొదటి పాట ఎత్తుకునేది ఆవిడే. ఆవిడతో పాటు మరికొందరు నర్సులూ వచ్చేవారు.

"ఇక్కణ్ణించి అక్కడికి బస్సు ఒక్కోసారి గంటన్నర, ఒక్కోసారి మూడు గంటలు బ్రదర్. అందులో ఏది రాశారు?"

"సగటు రాశాను సిస్టర్."

"సగటు బస్సా? దాని నంబరెంతో చెప్పండి, మేమూ అదే ఎక్కుతాం."

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. నాకు ఒళ్ళు మండింది. "ఎటు తిప్పి చూసినా కుందలహళ్ళే వస్తోంది సిస్టర్!" అని గొంతు పెంచాను.

అది అబద్ధం. ముందురోజే ఇంట్లో తిప్పి చూశాను. ప్రయాణానికి ప్రాధాన్యం ఇంకొంచెం పెంచగానే యలహంక పైకి వచ్చింది. బస్సుకు మూడు గంటలు వేసినా అంతే. వెంటనే వెనక్కి తగ్గించాను. ఫలితం మారనంత వరకే కదిపి, ఆ మేరకే అందరికీ చూపించాను. మా ఇల్లు మారతహళ్ళిలో, కుందలహళ్ళికి పక్కనే. కుందలహళ్ళి హాలు ముందు కారు పెట్టుకోవడానికి బోలెడు చోటుంది. నా పాండిత్యమంతా ఆ చోటు కోసమే. నాకంటే చీటీ నయం. దానికేమీ తెలియదు, తెలిసినట్టు నటించదు కూడా. పైగా దానికి కారు లేదు.

హాలు మారింది. నర్సులు కొన్ని వారాలు వచ్చారు, ఒకసారి వాక్య ప్రసంగం మధ్యలో, ఒకసారి చివరి ఆశీర్వాదం వేళకు. తర్వాత మానేశారు. మొదటి పాట ఇప్పుడు స్పీకర్లో వస్తోంది. నా నిర్ణయం మాత్రం గట్టిగానే ఉంది.

చివరికి సంఘ పెద్దకు ఉన్నదున్నట్టు చెప్పాను. "అగ్రిమెంటు అయిపోయిండాది కదప్పా. నాకు చెప్పి ఏమి లాభం? పోయి ఆ యమ్మతో చెప్పు, పో," అన్నాడు.

ఆ నర్సులు యలహంకలో ఒకరి గదిలో ప్రార్థనకు కూడుకుంటున్నారని తెలిసి, మరుసటి ఆదివారం కారులో బయలుదేరాను. హెబ్బాళ దగ్గర ఏ పట్టికలోనూ లేని లారీ ఒకటి చెడి దారికడ్డంగా ఆగిపోయింది. నేను చేరేసరికి చాపలు చుట్టేస్తున్నారు. గుమ్మంలోనే నిలబడి, నేను దాచిందేమిటో చెప్పాను. ఆవిడ చాప చంకలో పెట్టుకుని అంతా విన్నది.

"మీరు ఆవేళ అంత గట్టిగా అరిచినప్పుడే అనుకున్నాం బ్రదర్," అన్నది. తర్వాత గోడ గడియారం వైపు చూసింది. "సగటు బస్సులో వచ్చారా?"

లోపల ఎవరో పకపకా నవ్వారు. చెప్పులు విడవాలో వద్దో తేల్చుకోలేక అక్కడే నిలబడ్డాను.