పదికి ఆరు

కొత్తపేట తెలుగు మాస్టారు గౌరీశంకరంగారికి ఇంట్లో కూడా మార్కులు వేసే జబ్బు. చారుకి ఏడు, ముగ్గుకి అయిదు. కథల్లో మనుషులు ఒక్క క్షణంలో మారిపోతారని పాఠం చెప్పడమే గాని, తను మారాలని ఆయనకెప్పుడూ తోచలేదు.

తొంభై ఆరు వేసవిలో భార్య రాజరాజేశ్వరి ముమ్మిడివరంలోని పుట్టింటి నుంచి ఉత్తరం రాసింది. ఆయన దానిమీదే ఎర్రసిరాతో ‘భావం బాగుంది, ముగింపు తేలిపోయింది, పదికి ఆరు’ అని రాసి తిప్పి పంపారు.

వారానికి మరో కవరు వచ్చింది. లోపల ఉత్త తెల్లకాగితం. ఎర్రకలం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. మార్కు వెయ్యడానికి చోటు బోలెడుంది, మాటే లేదు. కలానికి మూతపెట్టి బస్సెక్కారు.

గుమ్మంలో నిలబడి, “పొరపాటైపోయిందే, ఇంటికి వచ్చెయ్యి” అన్నారు.

ఆవిడ ఎగాదిగా చూసింది.

“భావం బాగుందండి. రావడమే ఆలస్యమైంది. పదికి ఆరు.”