నాపరాళ్ల మస్తానప్ప తాగిన గంజి

మా అమ్మ మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం.

1937 వేసవి. బేతంచెర్ల వైపు ఒక చిన్న ధర్మాసుపత్రిలో నేను కాంపౌండర్ని, అంటే డాక్టరు రాసిన చీటీ చూసి మందులు కలిపేవాణ్ణి. డాక్టరుగారు పనిమీద కర్నూలు వెళ్లిన రోజున, నాపరాళ్ల గనిలో పనిచేసే మస్తానప్పను మంచం మీద మోసుకొచ్చారు. నలుగురు ఎత్తే బండను ఒక్కడే వీపున వేసుకుని, దారిలో అంగడి దగ్గర నిలబడి బీడీలు బేరమాడే మనిషి. తెల్లవారినప్పటి నుంచి వాంతులు, విరేచనాలు. కళ్లు లోపలికి పోయాయి.

"కలరానా అప్పా?" అని భార్య హుసేనమ్మ అడిగింది. "కలరా అంటే ఊరిబయట పాకలో పడేస్తారంట. ఆడికి పోయినోళ్లు తిరిగొచ్చింది నేను చూల్యా."

"స్టూల్ చూడాల. అంటే మలాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి డాక్టరుగారే చెప్పాల" అన్నాను.

మంచం మీదనుంచి మస్తానప్ప గొంతు వచ్చింది. "చూడనీప్పా. ఈ పొద్దు నా దగ్గర ఆ సరుక్కు కరువు ల్యా."

కడుపు జారుతున్నవాడికి నీళ్లిస్తే ఇంకా జారుతుందని ఆ రోజుల్లో మా కాంపౌండర్లందరి నమ్మకం. నేను మాత్రం ధైర్యంగా, "గంజి కాంచి, ఉప్పేసి, కొంచెం కొంచెంగా పట్టు. కక్కినా మళ్లీ పట్టు" అన్నాను.

ఆమె పగలంతా పట్టింది. "తాగు. బండలు మోసేటోనివి, చెంబుడు గంజి మోయలేవా?" అని తిట్టుకుంటూ పట్టింది. పొద్దున్నుంచి ఆగిపోయిన మూత్రం సాయంత్రానికి వచ్చింది. మూడోనాటికి లేచి కూర్చుని బీడీ అడిగాడు.

డాక్టరుగారు వచ్చి పరీక్ష చేసి, "కలరా కాదు. ఏదో వైరస్ అయ్యుంటుంది, ఈ అద్దానికి దొరకనంత చిన్న పురుగు. గట్టి మనిషినీ పడేస్తుంది. దానికి మందు లేదు, ఒంట్లో నీరు నిలిస్తే అదే పోతుంది. గంజి పట్టమన్నదెవరు?" అన్నారు.

"నేనే" అన్నాను.

ఒట్టు వేశాను గనుక ఒప్పుకోవాలి. బండ బరువు కాస్త పెంచాను, అది పెద్ద తప్పు కాదు. గంజి పట్టమన్నానన్నదే పచ్చి అబద్ధం. నేనన్నది, "చుక్క నీళ్లు కూడా ఇవ్వద్దు" అని. హుసేనమ్మ సరేనని తలూపి, నేను లోపల మిక్స్చర్ కలుపుతుంటే కొంగు చాటున గంజి చెంబు తీసింది. డాక్టరుగారి ముందు నేను కోతలు కోసినప్పుడు పక్కనే ఉంది. నా వైపు ఒకసారి చూసి, "అవును సారూ, ఈయప్పే చెప్పినాడు" అంది.

ఆమె తన భర్తను బతికించి నాకు చూపించింది, నా ఉద్యోగాన్నీ నిలబెట్టింది. ఆనాటి నుంచి అట్లాంటి రోగి ఎవరొచ్చినా, సీసా ముట్టుకోకముందే గంజి సంగతి చెప్తున్నాను.